ఏడు ఆర్డర్లున్నా జీతాలకు డబ్బుల్లేని యాట్ యార్డు: ఒక కేస్ స్టడీ

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. చిన్న, మధ్యతరహా తయారీ సంస్థలు ఇబ్బందుల్లో పడ్డప్పుడు లెక్కలు చూసి దారి చెప్పడం నా పని. ఈ కేసు కొన్నేళ్ల కిందటిది. యార్డు పేరు, ఊరు, మోడల్ పేర్లు, అసలు అంకెలు తీసేశాను. డబ్బు లెక్కలన్నీ ఒక పడవ అమ్మకం ధర 100 అనుకుని చెబుతున్నాను. నిష్పత్తులు మాత్రం ఉన్నవాటికి దగ్గరగానే ఉంచాను.

నేపథ్యం

యార్డు పశ్చిమ తీరంలో, ఒక నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన ఉంది. తండ్రి చెక్కతో చేపల పడవలు కట్టి పైకొచ్చిన మనిషి. ఫైబర్ వచ్చాక దానికి మారాడు. తర్వాత టెండర్ల మీద గస్తీ పడవలు, ఆపైన టూరిజం వాళ్లకు ప్రయాణికుల పడవలు చేశాడు. కొడుకు చేతికి అందొచ్చాక యాట్‌లు (విలాస విహార పడవలు) మొదలయ్యాయి. 14 మీటర్ల మోటార్ యాట్, రెండు ఇంజన్లు, రెండు పడక గదులు, ఏసీ, వంటగది.

చేపల పడవల నుంచి విహార పడవలకు రావడం ఈ రంగంలో పాత దారే. ఫ్రాన్స్‌లో వాందే తీరాన బెనెతో కంపెనీ 1884లో చేపల పడవలతోనే మొదలైంది. 1960ల్లో వ్యవస్థాపకుడి మనవరాలు ఆనెట్ రూ పగ్గాలు పట్టి ఫైబర్ విహార పడవల వైపు మళ్లించింది. ఇప్పుడది ప్రపంచంలోని అతిపెద్ద విహార పడవల కంపెనీల్లో ఒకటి. ఆ కథ కొడుకుకి కంఠతా వచ్చు. మాట్లాడిన ప్రతిసారీ అక్కడికే వచ్చేవాడు.

పిలిచింది లోన్ కోసం

బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ (రోజువారీ ఖర్చులకి వాడుకునే అప్పు పరిమితి) పెంచనంటోందని, ప్రాజెక్ట్ రిపోర్ట్ గట్టిగా రాసిపెట్టమని నన్ను పిలిచారు. షెడ్డులో ఐదు యాట్‌లు తయారవుతున్నాయి. ఇంకో రెండింటికి బుకింగ్ అయింది. పుస్తకాల్లో లాభం కనిపిస్తోంది, దాని మీద అడ్వాన్స్ ట్యాక్స్ కూడా కట్టారు. అయినా జీతాలు ఆలస్యమవుతున్నాయి. ఫైబర్‌ని గట్టిపరిచే రెజిన్ సప్లయర్ అరువు ఆపేశాడు. పీఎఫ్ బకాయి పడింది.

రిపోర్ట్ రాసే ముందు, ఆ లోన్ వచ్చి ఏ గుంటలో పడుతుందో తేల్చుకోవాలనుకున్నాను. ఆర్డర్లు లేని కంపెనీకి డబ్బు లేకపోతే కారణం వెతకనక్కర్లేదు. ఆర్డర్లూ లాభమూ ఉండి డబ్బు లేదంటే మాత్రం ఆ రెంటిలో ఏదో ఒకటి నిజం కాదు. అందుకని ఐదు పడవల్లో అన్నిటికంటే ముందున్నదాన్ని తీసుకుని, దాని ఒక్కదాని లెక్కే విడిగా కట్టాను.

అంచనాలో దాని ఖర్చు 82. ఇంజన్లు, గేర్‌బాక్సులు, జనరేటర్‌కి 26. రెజిన్, ఫైబర్ మ్యాట్, ఇతర హల్ (పడవ బయటి దేహం) సరుకుకి 11. కరెంటు సామాన్లు, ఏసీ, చెక్క, పరుపులు, ఫిటింగులకి 21. కూలీ 16. తొమ్మిది నెలల షెడ్డు ఖర్చు 8. అంటే పడవకి 18 లాభం.

అప్పటికి ఆ పడవ మీద 76 ఖర్చయింది. అకౌంటెంట్ 76ని 82తో భాగించి పని 93 శాతం అయిందన్నాడు. ఆ లెక్కన 93 ఆదాయం, 17 లాభం రాశాడు. ఖర్చును బట్టి పనిని కొలిచే ఈ పద్ధతి నిర్మాణ కాంట్రాక్టుల లెక్కలకి నియమాలు చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 7 ఒప్పుకునేదే. కాకపోతే అది నిలబడాలంటే మొత్తం అంచనాను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. ఇక్కడ సంతకం అయిన రోజు వేసిన 82ని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. దాంతో వృథా అయిన ప్రతి గంటా, తప్పు కొలతతో కోసి పారేసిన ప్రతి ప్లైవుడ్ షీటూ పుస్తకాల్లో పని ముందుకెళ్లినట్టు కనపడింది.

మిగిలిన పనులు ఒక్కొక్కటీ రాసి, రేటు కట్టి కూడితే అసలు మొత్తం 102కి తేలింది. రూపాయి విలువ పడిపోయి ఇంజన్ల ఖర్చు 26 నుంచి 27 అయింది. ఫిటింగులు 21 నుంచి 26కి పోయాయి. కూలీ 16 కాస్తా 24. తొమ్మిది నెలల పడవ పదహారు నెలలకు సాగడంతో షెడ్డు ఖర్చు 14. అంటే పడవ మీద 2 నష్టం. అదే స్టాండర్డ్ ప్రకారం రాబోయే నష్టం తెలిసిన రోజే మొత్తం రాసేయాలి. వీళ్లేమో 17 లాభం రాసి పన్ను కట్టారు.

ఇంతకన్నా భయపెట్టింది నగదు లెక్క. కొన్నవాళ్ల దగ్గర అప్పటికే 90 వసూలైంది. ఖర్చు 76 పోగా 14 మిగలాలి. లేదు, అంతకుముందు పడవలకు ఖర్చయిపోయింది. ఇకపై ఇంకా 26 పెట్టాలి, రావాల్సింది 10. అంటే ఈ పడవ గేటు దాటాలంటే వేరే చోటి నుంచి 16 తేవాలి. ఆ వేరే చోటు కొత్త బుకింగ్ అడ్వాన్స్, 40. అందుకే ఆ యార్డులో సేల్స్ ఆఫీసు ఎప్పుడూ ఆదివారం కూడా తెరిచే ఉండేది.

అపార్ట్‌మెంట్ల వ్యాపారంలో ఈ ఆట చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అక్కడ 2016లో రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా చట్టం వచ్చి, కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలంది. పడవలకు అలాంటి చట్టం లేదు.

షెడ్డులో

లెక్కలు ఎంత ఖర్చయిందో చెబుతాయి గానీ ఎందుకయిందో చెప్పవు. షెడ్డులోకి వెళ్లాను. ఐదు హల్‌లు వరసగా ఉన్నాయి, నాలుగింటికి డెక్ (హల్‌ని పైన మూసే కప్పు) బిగించేశారు. ఒకదాంట్లో ముందు గదిలో ఎలక్ట్రీషియన్ పడుకుని సీలింగ్ వెనక వైర్లు లాగుతున్నాడు. అతను లేస్తే తప్ప ప్లంబర్ లోపలికి పోలేడు. మెట్ల మీద ఇద్దరు కార్పెంటర్లు టేకు వెనీర్ వేసిన అల్మారా పట్టుకుని నిలబడ్డారు. వర్క్‌షాపులో శుభ్రంగా పాలిష్ చేసి తెచ్చారు, అది తలుపులోంచి పట్టదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి అక్కడే నిలువునా రెండు ముక్కలు కోశారు. లోపలికి తీసుకెళ్లి అతికించి, అతుకు కనపడకుండా మళ్లీ పాలిష్ పెట్టారు. ఆ ఒక్క అల్మారాకి పని రెండుసార్లు జరిగింది. 24లో ఎక్కువైన 8 ఎక్కడ పోయిందో తెలియడానికి ఇంకో కాగితం అక్కర్లేదు.

యాట్ అనగానే అందరి కళ్లూ హల్ మీద ఉంటాయి. ఖర్చులో దాని సరుకు వాటా 11. పనిగంటలు ఎక్కువ తినేది లోపలి చెక్కపని, వైరింగు, పైపులు. అమెరికాలో హాటరస్ కంపెనీని విల్లిస్ స్లేన్ 1959లో పెట్టింది సముద్రానికి చాలా దూరంగా, నార్త్ కరోలినాలోని హై పాయింట్‌లో. అది ఫర్నిచర్ తయారీకి పేరుబడ్డ ఊరు. మంచి వడ్రంగులున్న చోట యాట్ కట్టడం అంత వింతేం కాదని ఈ షెడ్డులో నిలబడితే తెలుస్తుంది.

అక్కరకు రానివి

నేను వెళ్లేటప్పటికే కొన్ని ప్రయత్నాలు నడుస్తున్నాయి. చౌక రెజిన్‌కి మారారు. 11లో పదోవంతు మిగిలినా 1 మించదు. దానికి తోడు ఒక హల్ మీద జెల్‌కోట్ (పైన ఉండే నున్నటి పూత) కింద బుడగలొచ్చి, గీకి మళ్లీ వేయాల్సొచ్చింది. దాన్ని వెంటనే ఆపమన్నాను. నీళ్లలో ఏళ్ల తరబడి ఉండే హల్‌కి సరుకులో ఆదా చూసుకుంటే అది తర్వాత వారంటీ బిల్లుగా తిరిగొస్తుంది.

మనుషుల్ని పెంచారు. 14 మీటర్ల పడవలో ఒక గదిలో ఒకేసారి ఇద్దరికి మించి పనిచేయలేరు. మూడోవాడు బయట నిలబడతాడు, కూలీ మాత్రం ముగ్గురికీ పడుతుంది.

ఏ పడవ మీద ఎన్ని గంటలు పోతున్నాయో తెలియడానికి టైమ్ షీట్లు పెట్టాం. సూపర్‌వైజర్లు వాటిని శనివారం సాయంత్రం కూర్చుని ఒక్కసారే నింపేవారు. ఐదు పడవలకీ గంటలు సమానంగా పంచేవారు. గట్టిగా అడిగితే ఇంకా అందంగా నింపేవారేమో గానీ నిజం వచ్చేది కాదు. వాటిని తీసేసి, ప్రతి పడవ పక్కన ఒక బోర్డు పెట్టించాం. దాని మీద మిగిలిన పనుల జాబితా, అంతే. అయిపోయింది కొట్టేయాలి. ఎన్ని గంటలు పనిచేశావని అడిగితే మనిషి తనని తాను కాపాడుకుంటాడు. ఏం మిగిలిందని అడిగితే చూపిస్తాడు.

కొడుకు పెట్టిన ప్రతిపాదన ఇంకొకటి ఉంది. 9 మీటర్ల చిన్న మోడల్ తెచ్చి, కార్ల ఫ్యాక్టరీలా లైన్ మీద ఎక్కువ సంఖ్యలో చేయడం, దానికి లోన్. ఉదాహరణగా జర్మనీ బవేరియా యాట్స్‌ని చూపించాడు. నిజమే, 1978లో సముద్రానికి ఆమడల దూరంలో గీబెల్‌స్టాట్‌లో మొదలై, లైన్ పద్ధతిలో పడవలు చేసి ధరలు దించిన కంపెనీ అది. మిగతా కథ కూడా చెప్పాను. 2007లో బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ దాన్ని భారీ అప్పుతో కొంది. మరుసటి ఏడు ప్రపంచమంతా మాంద్యం. 2009కి కంపెనీ అప్పులిచ్చినవాళ్ల చేతిలోకి పోయింది. 2018లో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత వేరే పెట్టుబడిదారులు తీసుకున్నారు. పడవలు చేయడం రాక కాదు. గిరాకీ ఒక్కసారిగా పడిపోయే వ్యాపారంలో అప్పు మాత్రం పడిపోదు. మన లెక్కకొస్తే, కొత్త మోడల్ అంటే నమూనా, దాని మీద హల్ మౌల్డు (అచ్చు), డెక్ మౌల్డు, లోపలి లైనర్ల మౌల్డులు, ఇవన్నీ ముందే పెట్టాలి. ఆ ఖర్చు చాలా హల్‌ల మీద పరుచుకుంటే తప్ప రాదు. ఐదు పడవలు బయటికి పంపలేని షెడ్డుకి ఇంకో రకం పడవ మందు కాదు.

మలుపు

డెక్ అంత తొందరగా ఎందుకు బిగిస్తున్నారన్నది నాకు అంతుపట్టలేదు. పెద్ద ఎత్తున పడవలు చేసే యార్డుల్లో ట్యాంకులు, వైరింగు, గదుల ఫర్నిచర్ అన్నీ తెరిచిన హల్‌లోకి క్రేన్‌తో దించి, చివర్లో డెక్ మూస్తారు. ఇది దాచిపెట్టిన విద్యేం కాదు. ఆ యార్డు ఫిటింగ్ మేస్త్రిది మన తాళ్లరేవు వైపు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి పక్కనే. తాతల నుంచీ చెక్క పడవల పని. తెలుగువాణ్ణని తెలిశాక నాతో మనసు విప్పాడు.

"మూత పెట్టేసి లోపల కూర వండమంటే ఎలాగండీ?" అన్నాడు. "నేను మొదటి పడవప్పుడే చెప్పానండి. డెక్ ఎక్కితే గానీ డబ్బు రాదంటారండి ఆఫీసోళ్లు."

ఆఫీసుకెళ్లి కాంట్రాక్టు తీశాను. బుకింగ్‌కి 40. హల్, డెక్ కలిపి బిగించినప్పుడు 30. వెనక హ్యాచ్‌లోంచి ఇంజన్లు దించి బిగించాక 20. డెలివరీకి 10. ఈ షరతులు యాట్‌ల కోసం ఆలోచించి రాసినవి కావు. పాత ప్రయాణికుల పడవల కాంట్రాక్టు నుంచి దించుకున్నవి. ప్రయాణికుల పడవలో డెక్ కింద పెద్దగా పనేం ఉండదు, డెక్ బిగిస్తే పడవ ముప్పాతిక అయినట్టే. యాట్‌కి డెక్ బిగించే నాటికి అసలు పని మొదలే కాలేదు. జీతాల తేదీ దగ్గర పడ్డప్పుడల్లా ఆ 30 కోసం ఖాళీ హల్ మీద డెక్ ఎక్కించేస్తున్నారు. ఆ తొందర అల్మారా కోసేదాకా వచ్చింది.

కాబట్టి సమస్య బ్యాంకులోనూ లేదు, వడ్రంగిలోనూ లేదు. ఏ పని ముందు జరగాలో మేస్త్రి బదులు కాంట్రాక్టులోని ఒక పేరా నిర్ణయిస్తోంది.

పనిచేసినవి

మొదట షరతులు మార్చాం. బుకింగ్‌కి 20, హల్ మౌల్డు నుంచి తీశాక 15, ఇంజన్లు యార్డులోకి వచ్చాక 25, లోపలి పనుల జాబితా పూర్తయి డెక్ బిగించాక 15, నీళ్లలోకి దించాక 15, సీ ట్రయల్ (సముద్రంలో నడిపి చూడటం) అయ్యాక 10. అడ్వాన్స్ సగానికి తగ్గించడం తండ్రికి మింగుడు పడలేదు. "వచ్చే డబ్బు వద్దంటామా?" అన్నాడు. ఆ డబ్బు మనది కాదు, ఆ పడవది అని ఆయన ఒప్పుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. కొనేవాళ్ల వైపు నుంచి ఇబ్బంది రాలేదు. ప్రతి వాయిదాకీ కళ్లతో చూడగలిగే వస్తువు ఒకటి ఎదురుగా ఉండటం వాళ్లకీ నచ్చింది. ఇంజన్ ధరకి మారకం రేటు షరతు కూడా అప్పుడే చేర్చాం. ఒక్కో పడవకీ విడిగా కరెంట్ ఖాతా తెరిచి, తండ్రీ కొడుకులిద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదిలేలా పెట్టాం.

ఉన్న ఐదింటిలో ఏది ముందు? అప్పటిదాకా ఎవరు ఎక్కువ కేకలేస్తే వాళ్ల పడవ మీదికి మనుషులు వెళ్లేవారు. పని తక్కువ మిగిలినదాన్ని ముందు పంపేద్దాం అన్నాను. అది పోతే చివరి వాయిదా వస్తుంది, షెడ్డులో జాగా వస్తుంది, మనుషులు ఖాళీ అవుతారు. ఒకటి బయటికి పోయేదాకా కొత్త హల్‌కి మౌల్డు మైనం కూడా పూయకూడదని నియమం. దీనికి మూల్యం చెల్లించాల్సొచ్చింది. వెనక పడ్డ పడవ కొనుగోలుదారు ఒకాయన ఆర్డర్ రద్దు చేసుకున్నాడు. వాయిదాల మీద డబ్బు తిరిగిచ్చాం.

మార్పుల కాగితం ఇంకొకటి. ఒక పడవలో వంటగదికి గ్రానైట్ ప్లాట్‌ఫారం అడిగితే కాదనలేక వేశారు. ఆ బరువు, మరికొన్ని సరదాలు కలిసి ట్రయల్‌లో పడవ చెప్పిన వేగం అందుకోలేదు. దాంతో చివరి వాయిదా ఆగిపోయింది. అప్పటి నుంచి ఏ మార్పు అడిగినా ఒక కాగితం మీద మూడు గళ్లు: ఎంత డబ్బు, ఎన్ని రోజులు, ఎన్ని కిలోలు. మూడూ చూసి సంతకం పెట్టి, డబ్బు కట్టాకే పని. కిలోల గడి చూసి సగం మంది వాళ్లంతట వాళ్లే వెనక్కి తగ్గేవారు. డబ్బుకి తగ్గనివాళ్లు వేగానికి తగ్గారు.

హల్ వేయడం ఆపితే ఫైబర్ పనివాళ్లు ఖాళీ. అడ్వాన్స్ తగ్గితే నగదు కరువు. ఈ రెంటికీ ఒకే జవాబు దొరికింది. పశ్చిమ తీరంలో వానాకాలం పడవలన్నీ నీళ్లలోంచి గట్టు మీదికి చేరతాయి. ఆ తేమలో కొత్త హల్ వేయడం ఎలాగూ కష్టమే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బయటివాళ్ల పడవల మరమ్మతు, రంగులు, ఇంజన్ సర్వీసు తీసుకున్నాం. కప్పు కింద జరిగే పని, బిల్లు కొట్టిన నెలలో డబ్బు. కొడుకు మొదట చిన్నతనంగా భావించాడు. రెండో వానాకాలానికి ముందే స్లాట్లు అమ్మడం మొదలెట్టాడు.

పన్ను సంగతి

వ్యాపారంలో యాట్‌ల వాటా ఎంత ఉండాలన్న చర్చ పన్ను దగ్గరికి వచ్చింది. అప్పట్లో విహార పడవలకి జీఎస్టీ 28 శాతం, దాని మీద 3 శాతం సెస్. ప్రయాణికుల పడవలకి 5 శాతమే. యాట్‌ని ప్రయాణికుల పడవని రాసేస్తే పోలా అని ఆఫీసులో ఒకరు అన్నారు. గదుల అమరిక, వాడకం చూసే ఏ అధికారికైనా అది తేలిపోతుంది. తేడా పన్ను, వడ్డీ, జరిమానా కలిపితే యార్డే అమ్ముకోవాలి. ఆ మాట అక్కడితో ఆపించాను.

అలాగని 5 శాతం పడవలు సుఖమనీ కాదు. రెజిన్, ఫైబర్ మీద 18 కట్టి కొని, 5 వసూలు చేస్తే తేడా ప్రభుత్వం దగ్గర చిక్కుకుంటుంది. రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు లేనట్టే లెక్క వేసుకోవాలి. అయినా సరే, షెడ్డులో కనీసం సగం పని ప్రయాణికుల పడవలు, మరమ్మతులు ఉండాలన్నాను. కారణం అమెరికా అనుభవం. అక్కడ 1991లో లక్ష డాలర్లు దాటిన పడవల మీద, దాటిన మొత్తానికి 10 శాతం విలాస పన్ను వేశారు. ఉన్నవాళ్లకి ఏం కాలేదు, పడవ కొనడం వాయిదా వేసుకున్నారు. ఉద్యోగాలు పోయింది యార్డుల్లో పనివాళ్లకి. 1993లో ఆ పన్ను ఎత్తేశారు గానీ మధ్యలో మూతపడ్డవి మూతపడ్డాయి. కొనకపోయినా ఎవరికీ రోజు ఆగిపోని వస్తువు ఇది.

ఇలాంటి కేసు మీ చేతికొస్తే

బ్యాలెన్స్ షీట్‌కంటే ముందు అమ్మకం కాంట్రాక్టు అడగండి. వాయిదాలు ఏ ఏ పనులకి ముడిపడ్డాయో ఒక వరసలో, ఆ పనులు నిజంగా ఏ వరసలో జరగాలో పక్కన రాసుకోండి. రెండూ కలవకపోతే మిగతా పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు. ఇళ్లు కట్టేవాళ్ల దగ్గరా, ఆర్డర్ మీద యంత్రాలు చేసేవాళ్ల దగ్గరా ఇదే పట్టిక వేసి చూశాను, పనికొచ్చింది. ఎంత ఖర్చయిందన్న ప్రశ్న పక్కనపెట్టి, పూర్తవడానికి ఇంకెంత కావాలన్నది ప్రతి నెలా పని చేసేవాళ్ల నోటి నుంచే రాబట్టండి. ఆ అంకె అకౌంటెంట్‌కి తెలియదు, మేస్త్రికి తెలుసు.

కొత్త షరతుల మీద కట్టిన మొదటి పడవ పదకొండు నెలలకి బయటికెళ్లింది. అనుకున్న తొమ్మిది కాలేదు. ఖర్చు 91 దగ్గర ఆగింది. లాభం 18 కాదు, 9. కానీ ఉన్న లాభం. బ్యాంకు లిమిట్ పెంచలేదు, మేమూ మళ్లీ అడగలేదు. సేల్స్ ఆఫీసుకి ఆదివారం సెలవు వచ్చింది.

2025 సెప్టెంబర్‌లో విహార పడవలపై జీఎస్టీ 40 శాతమైంది. కొడుకు ఇప్పుడు 18 మీటర్ల యాట్ కావాలంటున్నాడు, కొనేవాళ్లున్నారంటున్నాడు. ఉండొచ్చు. మౌల్డు డబ్బు మరమ్మతుల లాభంలోంచి వస్తే కట్టుకోమన్నాను, బుకింగ్ అడ్వాన్స్‌లోంచైతే వద్దన్నాను. తండ్రి నా వైపే ఉన్నాడు. మేస్త్రి మాత్రం 18 మీటర్లయితే లోపల మసలడానికి జాగా ఉంటుందండీ అంటున్నాడు.